ఎర్ర నాచు పెంచాలనుకుంటే ఏది: కప్పాఫైకసా, గ్రాసిలేరియానా, జెలిడియెల్లానా?

సముద్రపు నాచు సాగు గురించి ఈమధ్య ఎవరిని కదిపినా ఒకటే మాట. నలభై అయిదు రోజుల్లో పంట, ఎరువు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, నీళ్లు పెట్టే పనే లేదు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కాకపోతే అవి తమిళనాడులో మండపం దగ్గర, పాక్ అఖాతంలో, చెరువులా కుదురుగా ఉండే నీళ్లను చూసి పుట్టిన మాటలు. అదే తెప్పను తెచ్చి ఉప్పాడ కెరటాల మధ్య కడితే ఎన్నాళ్లు నిలుస్తుందో అక్కడి మత్స్యకారులను అడిగితే ఒక్క నవ్వుతో చెప్పేస్తారు.

పొలం విషయంలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పల్లంలో వేసే వరి రకాన్ని మెరకలో వెయ్యం, నల్లరేగడిలో వేసేదాన్ని ఇసుక నేలలో వెయ్యం. నాచు దగ్గరికొచ్చేసరికి మాత్రం "సీవీడ్" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. అందులో ఏ నాచు, దాని లోపల ఏముంది, అది ఏ నీళ్లలో బతుకుతుంది అనేది అడగం. డబ్బు పోయేది సరిగ్గా అక్కడే.

ఇక్కడ మూడింటిని పోల్చి చూద్దాం. కప్పాఫైకస్ ఆల్వరేజీ, గ్రాసిలేరియా, జెలిడియెల్లా అసెరోసా. మూడూ ఎర్ర నాచులే, మూడూ వేడి సముద్రాల్లో ఉండేవే, మూడింటి నుంచీ తీసేది జిగురే. అయినా ఒకటి ఉన్న చోట ఇంకొకటి పెడితే కుదరదు. సాగు చేద్దామనుకునే వాళ్లతో పాటు నాచు ద్రావణం కొనే రైతులకూ, చైనా గ్రాస్ కొనే ఇంటివాళ్లకూ ఇందులో పనికొచ్చేది ఉంది, చివర్లో వాళ్ల సంగతి కూడా రాశాను.

## ముందు వేటిని చూడాలి

మొదటిది నీళ్లు. సముద్రపు నీళ్లలో ఉప్పు వెయ్యికి 35 పాళ్ల దగ్గర ఉంటుంది. రొయ్యల చెరువుల వాళ్లు "సెలైనిటీ 15 ఉంది, 20 ఉంది" అంటారే, అదే లెక్క. ఇది ఏడాదంతా ఒకేలా ఉండదు. గోదావరి, కృష్ణ, వంశధార, నాగావళి కలిసే చోట్ల వరదల రోజుల్లో సముద్రం మీదే మంచినీళ్లు పరుచుకుంటాయి. మార్చిలో కొలిచి బాగుందనుకుని సెప్టెంబరులో మొక్క కడితే ఆ పాపం నాచుది కాదు. అందుకే కనీసం ఒక ఏడాది లెక్కలు చేతిలో ఉండాలి.

రెండోది కెరటం. నాచుకు నీటి కదలిక కావాలి, కదలిక లేని నీళ్లలో దాని ఒంటికి పోషకాలు అందవు, మీద మురికి పేరుకుంటుంది. కానీ విరుచుకుపడే అల వస్తే ముక్కలు తెగిపోతాయి. రామేశ్వరం దీవి అడ్డం ఉండటం, నీళ్లు లోతు తక్కువగా ఉండటం వల్ల పాక్ అఖాతం వాళ్లకు ఈ రెండిటి మధ్య సమతూకం దొరికింది. మన తీరం చాలా మటుకు నేరుగా బంగాళాఖాతానికి ముఖం పెట్టి ఉంటుంది.

మూడోది, కొనేవాడు ఎవరు. ఇది నీళ్లంత ముఖ్యం, చెప్పాలంటే ఇంకా ఎక్కువ. ఎండిన నాచును ఇంట్లో వండుకుని తినం, సంతలో అమ్ముకోలేం. ఫ్యాక్టరీ వాడు తీసుకుంటేనే డబ్బు. ఏ జిగురు తీసే ఫ్యాక్టరీ మీకు అందుబాటులో ఉందో దాన్ని బట్టే ఏ నాచు వెయ్యాలో తేలుతుంది.

నాలుగోది, ఆ నాచు చుట్టుపక్కల సముద్రానికి ఏం చేస్తుంది. చాలామంది దీన్ని ఆఖర్న, ఎవరైనా అడిగితే తప్ప చూడరు. నేను మాత్రం మొదటే చూడమంటాను, ఎందుకో కప్పాఫైకస్ దగ్గర చెబుతాను.

| చూడాల్సింది | కప్పాఫైకస్ | గ్రాసిలేరియా | జెలిడియెల్లా |
|---|---|---|---|
| పుట్టిల్లు | ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు. మనం తెచ్చుకున్నది | మన తీరాల్లోనూ సహజంగా ఉంది | మన్నార్ సింధుశాఖ రాళ్ల మీద సహజంగా ఉంది |
| లోపలి జిగురు | కప్పా కారాజీనన్ | అగర్, ఎక్కువగా వంటకు | అగర్, ల్యాబ్‌కు పనికొచ్చే గట్టి రకం |
| సెలైనిటీ | 30 దాటి ఉండాలి | రకాన్ని బట్టి 15 నుంచి పైకి | పూర్తి సముద్రపు నీరు |
| కోతకు | సుమారు 45 రోజులు | సుమారు 60 రోజులు | చాలా నెమ్మది |
| దెబ్బతీసేవి | వేడి, మంచినీళ్లు, ఐస్ ఐస్ తెగులు | మేసే చేపలు, మీద పట్టే వేరే నాచు | అతిగా పీకడం |

## వీటి ఒంటి తీరు కొంచెం తెలియాలి

ఎర్ర నాచు అనగానే ఎర్రగా ఉంటుందనుకుంటాం. కప్పాఫైకస్‌లో పచ్చవి, గోధుమ రంగువి, ఎర్రవి, మూడూ ఉన్నాయి. ఎర్ర నాచు కుటుంబానికి గుర్తు లోపల ఉండే ఫైకోఎరిత్రిన్ అనే రంగు పదార్థం. సముద్రంలో లోతుకు వెళ్లే కొద్దీ ఎర్ర వెలుగు ముందే ఆగిపోతుంది, నీలి, ఆకుపచ్చ వెలుగే కిందికి దిగుతుంది. ఆ వెలుగును పట్టుకోవడానికే ఈ పదార్థం. మొక్కల్లో ఉండే పచ్చటి క్లోరోఫిల్ కూడా లోపల ఉంటుంది, పైన ఈ రంగు కప్పేస్తుంది అంతే.

మనకు డబ్బు తెచ్చేది కణాల గోడలో ఉంటుంది. నేల మీద చెట్టుకు నిలబడటానికి గట్టి కాండం కావాలి, నాచుకు అలతో పాటు వంగడం కావాలి. అందుకే దాని కణాల గోడల్లో సాగే జిగురు పదార్థం దండిగా ఉంటుంది. కొన్నిట్లో అది అగర్, కొన్నిట్లో కారాజీనన్. రెండూ ఒకే రకం చక్కెరతో అల్లిన గొలుసులే, కానీ కారాజీనన్‌కు గంధకం గుంపులు ఎక్కువ అతుక్కుని ఉంటాయి. చూడ్డానికి చిన్న తేడా. పాలల్లో వేస్తే ఎలా ప్రవర్తిస్తుంది, గట్టిపడటానికి పొటాషియం కావాలా వద్దా, మళ్లీ ఎంత వేడికి కరుగుతుంది, అన్నీ ఆ తేడాను బట్టే మారతాయి.

వీటికి పువ్వు లేదు, గింజ లేదు. ఎర్ర నాచు మగ కణాలకు ఈదే తోక కూడా ఉండదు, నీళ్లు ఎటు తీసుకెళితే అటే. మగ మొక్క, ఆడ మొక్క, ఆడ మొక్క మీదే పెరిగే ఒక చిన్న దశ, అందులోంచి వచ్చే సిద్ధబీజాలతో మొలిచే ఇంకో మొక్క, ఇలా మూడు దశల్లో వీటి వంశం నడుస్తుంది. 2022లో ఫ్రాన్స్ తీరంలో పెరిగే గ్రాసిలేరియా మీద చేసిన పరిశోధనలో ముచ్చటైన సంగతి బయటపడింది. ఇడోటియా అనే చిన్న రొయ్యలాంటి పురుగు మొక్కల మధ్య తిరుగుతూ మగ కణాలను ఒంటికి అంటించుకుని ఆడ మొక్కకు చేరవేస్తోంది, పొలంలో తేనెటీగ చేసే పనే.

సాగులో మాత్రం ఇదేమీ జరగదు. ఉన్న మొక్కను ముక్కలు చేసి కట్టడమే, చెరకు ముచ్చెలు నాటినట్టు. అంటే తెప్ప మీది నాచంతా ఒకే మొక్క కొనసాగింపు. దీనివల్ల లాభం, అన్నీ ఒకేలా పెరుగుతాయి. నష్టం, తెగులు వస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది.

## కప్పాఫైకస్: తొందరగా పెరిగేది, తొందరగా పోయేది

చేత్తో పట్టుకుంటే ఇది నాచులా జారదు. వేలంత లావు కొమ్మలు, మెత్తటి ఎముకలా బిగువుగా ఉంటాయి, విరిస్తే లేత కీరదోసకాయలా టక్కున విరుగుతుంది. ఆ శబ్దం వినపడితే మొక్క ఆరోగ్యంగా ఉన్నట్టు. వంచితే విరక్కుండా మెత్తగా నలిగితే అనుమానించాలి.

దీని సాగు ఫిలిప్పీన్స్‌లో 1960ల చివర, 70ల మొదట్లో కుదురుకుంది. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మాక్స్‌వెల్ డోటీ ఆ పనికి ముందు నిలిచాడు, శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే. ఇవాళ ఎక్కువ పండించేది ఇండోనేషియా. వ్యాపారంలో దీన్ని కాటనై అని పిలుస్తారు, కొనేవాళ్ల నోట ఆ మాట వస్తే ఇదేనని అర్థం చేసుకోండి. మన దేశానికి దీన్ని తెచ్చి అలవాటు చేసింది భావ్‌నగర్‌లోని సీఎస్‌ఎంసీఆర్‌ఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ. 1980ల్లో తెచ్చి, 1990ల్లో మండపానికి చేర్చారు. 2000లో పెప్సీకో వాణిజ్య సాగు మొదలుపెట్టింది, 2008లో ఆ పని ఆక్వాగ్రి అనే కంపెనీకి వెళ్లింది. రామనాథపురం జిల్లాలో మహిళా సంఘాలు దీన్ని నడిపిన తీరు చూసే మిగతా తీర రాష్ట్రాలకూ ఆశ పుట్టింది.

లెక్క చూద్దాం. మూడు మీటర్లకు మూడు మీటర్ల వెదురు తెప్ప. దానికి ఇరవై తాళ్లు, తాడుకు ఇరవై ముక్కలు, ముక్క 150 గ్రాములు, మొత్తం 60 కిలోల విత్తనం. ముక్కలు తెగి పోకుండా, చేపలు కింద నుంచి మెయ్యకుండా అడుగున వల. 45 రోజులకు బాగుంటే 260 కిలోల దాకా వస్తుంది. అందులో 60 మళ్లీ విత్తనానికి పక్కన పెట్టాలి. మిగిలిన 200 కిలోలు ఎండబెడితే చేతికొచ్చేది పదో వంతు, అంటే 20 కిలోలు. 260 అని వినగానే కళ్లు మెరుస్తాయి, డబ్బు వచ్చేది మాత్రం ఆ 20 కిలోలకే. కిలోకు ఎంత ఇస్తారో మీరే కనుక్కుని ఇరవైతో హెచ్చవేసి చూసుకోండి. అక్కడ ఒక మనిషికి 45 తెప్పలు పెట్టుకుంటారు, రోజుకు ఒక తెప్ప కోసి మళ్లీ కడతారు, అలా నెలంతా పని, నెలంతా రాబడి. ఒకటి రెండు తెప్పలతో ఇల్లు గడవదు.

ఇక ఇబ్బందులు. నీళ్లు 30 డిగ్రీలు దాటి వేడెక్కినా, సెలైనిటీ పడిపోయినా మొక్క బలహీనపడుతుంది, ఆ పైన బాక్టీరియా చేరుతుంది, కొమ్మ మధ్యలో తెల్లటి పట్టీ పడుతుంది, అక్కడే మెత్తబడి తెగిపోతుంది. దీన్నే ఐస్ ఐస్ అంటారు. 2013 తర్వాత పాక్ అఖాతంలో వేడికి పంట పెద్ద ఎత్తున పోయింది, అంతకుముందు దాకా ఎక్కిన దిగుబడి ఒక్కసారిగా పడింది. ఆఫ్రికాలో జాంజిబార్ దీవిదీ ఇదే బాధ. అక్కడ 1989 నుంచి ఆడవాళ్లే ఎక్కువగా ఈ సాగు చేస్తున్నారు. నీళ్లు వేడెక్కి కాటనై చచ్చిపోతుంటే ధర తక్కువ పలికే యూకీమా అనే ఇంకో ఎర్ర నాచు వైపు మళ్లాల్సి వచ్చింది, కొందరు సబ్బులు చేసి అమ్ముతున్నారు.

నాలుగో విషయం చెబుతానన్నాను కదా. ఇది మన సముద్రంది కాదు. హవాయిలో కనేవోహె అఖాతంలో 1970ల్లో పెట్టినది పాకి పగడాలను కప్పేసింది, చివరికి పెద్ద పంపులతో నీటి అడుగున పీల్చి తీయాల్సి వచ్చింది, మిగిలిందాన్ని తినడానికి సముద్రపు ముళ్లకాయలనే ముళ్ల జీవుల్ని (సీ అర్చిన్) పెంచి వదిలారు. మన దగ్గర మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి పగడాల మీదికి ఇది పాకిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. పగడం కదల్లేదు, పైన చాప పరిచినట్టు నాచు పరుచుకుంటే వెలుగు అందక చచ్చిపోతుంది. ఒక్క కుటుంబం రాబడి కోసం వందల ఏళ్ల పగడాన్ని పణంగా పెట్టకూడదనే నా గట్టి అభిప్రాయం. పగడాలు, సముద్రపు గడ్డి మైదానాలు ఉన్న చోట దీన్ని కట్టొద్దు, ఎవరు ఎంత సబ్సిడీ ఇస్తామన్నా సరే. తెగిన ముక్కలు ఒడ్డుకు కొట్టుకొస్తే ఏరుకుని ఎండబెట్టాలి, తిరిగి నీళ్లలోకి తొయ్యకూడదు. బయటి దేశాల నుంచి కొత్త రకాలు తెచ్చుకోవడానికి కేంద్రం 2024లో నిబంధనలు పెట్టింది. తెచ్చిందాన్ని విడిగా ఉంచి తెగుళ్లు లేవని చూశాకే వదలాలి. తెలిసినవాళ్ల సంచిలో వచ్చిన విత్తనం తీసుకోకండి.

## గ్రాసిలేరియా: మన నీళ్లకు దగ్గరిది

ఇది సన్నగా, సేమ్యా కట్టలా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. తమిళంలో గ్రాసిలేరియా ఎడ్యులిస్‌ను కంజి పాసి అంటారు, అంటే గంజి నాచు. గంజి కాచుకుని తాగేవాళ్లు కాబట్టి ఆ పేరు. విశాఖ రాళ్ల మీద వేరే గ్రాసిలేరియాలు కనిపిస్తాయి, పులికాట్ సరస్సులోనూ, ఒడిశా చిల్కాలోనూ ఈ కుటుంబం ఉంది. అంటే పాకిపోతుందన్న భయం కప్పాఫైకస్‌కు ఉన్నంత ఉండదు, మన సముద్రంలోదే మనం పెంచుతున్నట్టు.

నాకు దీని మీద మొగ్గు ఎందుకంటే, ఈ జాతిలో కొన్ని రకాలు ఉప్పు తగ్గినా ఓర్చుకుంటాయి. ఎడ్యులిస్‌కు సముద్రపు నీరే బాగుంటుంది, కానీ చిల్కా, పులికాట్ రకాలు సెలైనిటీ 15 నుంచి 30 మధ్య ఆడే నీళ్లలోనూ పెరుగుతాయి. ఇండోనేషియాలో సులవేసి వైపు దీన్ని సముద్రంలో కాకుండా చెరువుల్లోనే పెంచుతారు, పాలచేపతోనో రొయ్యతోనో కలిపి. రొయ్యల మేత మిగిలి కుళ్లి నీళ్లలో చేరే అమ్మోనియాను నాచు తన ఎరువుగా లాక్కుంటుంది. ఆక్వా చెరువులు ఇన్ని ఉన్న మనకు ఈ దారి గురించి ఎందుకు ఇంత తక్కువ మాట్లాడుకుంటున్నామో అర్థం కాదు.

దీనికీ లోపాలున్నాయి. సముద్రంలో తాడు వలల మీద పెంచితే చదరపు మీటరుకు కిలో విత్తనం కడితే రెండు నెలలకు మూడు కిలోల దాకా వచ్చిందని మండపం వైపు పాత ప్రయోగాల లెక్క, కప్పాఫైకస్ వేగం లేదు. సన్నటి కొమ్మలు కాబట్టి చేపలు ఇష్టంగా మేస్తాయి. మీద వేరే నాచు పట్టుకుంటే దులపడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, దీని అగర్ నేరుగా తీస్తే గట్టిగా పేరదు. ముందు క్షారపు నీళ్లలో ఉడికించి గంధకం తగ్గించాకే బిగువొస్తుంది. ఆ పని ఫ్యాక్టరీ చేస్తుంది, మీకు ఇచ్చే ధరలో ఆ ఖర్చు కోసుకుంటుంది. గుజరాత్ తీరపు గ్రాసిలేరియా డ్యూరా ఇందులో మేలు, దాన్నుంచి నాణ్యమైన అగరోజ్, అంటే ల్యాబుల్లో వాడే శుద్ధి చేసిన అగర్, కూడా తీయొచ్చు.

కోసేటప్పుడు మొదలు వదిలి పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది, గోంగూర కోసినట్టు. ఆడవాళ్ల సంఘం నడపాలంటే ఈ ఒక్క గుణం చాలా శ్రమ తగ్గిస్తుంది, ప్రతిసారీ ముక్కలు కట్టే పని ఉండదు.

## జెలిడియెల్లా: దీన్ని రాయి మీదే ఉండనివ్వండి

వేలెడంత పొడవు, తీగలా గట్టిగా ఉండే చిన్న నాచు. తమిళంలో మరికొళుందు పాసి. దీని అగర్‌కు బిగువు సహజంగానే ఎక్కువ, క్షారం పని లేకుండానే. ల్యాబుల్లో బాక్టీరియా పెంచే పళ్లేల్లో పోసే అగర్‌కు ఈ కోవ నాచులే కావాలి. 1881 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ కాక్ ల్యాబులో పనిచేసిన వాల్టర్ హెస్సే వేసవికి జెలటిన్ కరిగిపోతోందని సతమతమవుతుంటే, ఆయన భార్య ఫ్యానీ హెస్సే తన వంటింట్లో వాడే అగర్ వేసి చూడమంది. ఇవాళ్టికీ ప్రతి మైక్రోబయాలజీ ల్యాబులో అదే నడుస్తోంది. అగర్ పేరడానికి 40 డిగ్రీల కిందికి దిగాలి, మళ్లీ కరగాలంటే 85 దాకా కాగాలి. ఆ మధ్యలో ఎంత ఎండ కాసినా అది కదలదు.

ధర బాగా పలుకుతుంది కదా అని దీన్ని సాగు చేద్దామంటే పెరుగుదల చాలా నెమ్మది. ఇప్పటికీ ఎక్కువగా వచ్చేది మన్నార్ సింధుశాఖలో ఆడవాళ్లు మునిగి చేత్తో పీకి తెచ్చిందే. కళ్లకు అద్దాలు, వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి రాళ్ల దగ్గరికి దిగుతారు. జాతీయ పార్కు కట్టడులు, నాచు తగ్గిపోవడం, రెండు వైపుల నుంచీ వాళ్లకు ఒత్తిడే. అక్కడి ఆడవాళ్లు తామే కూర్చుని నెలలో ఇన్ని రోజులే దిగాలని నియమం పెట్టుకున్నారు. వాళ్ల తరఫున నిలిచిన చిన్నపాలం గ్రామస్థురాలు లక్ష్మీ మూర్తికి 2015లో, దీవుల ప్రకృతిని కాపాడే సీకాలజీ అనే సంస్థ బహుమతి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది సరైన ఎంపిక కాదు. విశాఖ రాళ్ల మీద ఇలాంటివి కనిపించాయని గీకి తెచ్చే ఆలోచన అసలే వద్దు.

## ఎవరికి ఏది

తీరం ఊళ్లో డ్వాక్రా గ్రూపు లేదా మత్స్యకార కుటుంబం. మీ దగ్గర అడ్డం ఉన్న నీళ్లు, అంటే దీవి చాటో, జెట్టీ గోడ చాటో, నదీముఖానికి దూరంగా ఉన్న ఖాడీయో ఉండి, ఏడాదిలో కనీసం ఆరు నెలలు సెలైనిటీ 30 పైన ఉంటే కప్పాఫైకస్ ప్రయత్నించొచ్చు, కొనేవాడితో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకుని. అలాంటి నీళ్లు లేకపోతే దాని జోలికి పోవద్దు, గ్రాసిలేరియా చూడండి. కెరటం ఉన్న చోట వెదురు తెప్ప కన్నా గొట్టంలా కుట్టిన వలలో నాచు కూర్చి తాడుకు కట్టే పద్ధతి మేలు, ముక్కలు తెగి పోవు. వేటకెళ్లే మగవాళ్లున్న ఇంట్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం రోజుల్లో చేతులు ఖాళీగా ఉంటాయి కదా, అప్పుడు చేద్దాం అనుకుంటారు. ఆ రోజుల్లోనే నీళ్లు అన్నిటికన్నా వేడి, అది గుర్తుంచుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు తుపాన్ల కాలం. వానాకాలం వరదలకు ఉప్పు పడిపోయే సంగతి ముందే చెప్పుకున్నాం. ఇవన్నీ తీసేస్తే మీకు మిగిలే మంచి కాలం జనవరి నుంచి మార్చి, మహా అయితే ఏప్రిల్ సగం. రెండు కోతలు. లెక్క ఆ రెండు కోతల మీదే వేసుకోండి, ఏడాదికి ఎనిమిది అని చెప్పేవాళ్లు ఉంటారు.

ఎండబెట్టేది కూడా ముందే ఆలోచించాలి. ఇసుకలో పరిస్తే ఇసుక అంటుకుని ధర కోస్తారు, వెదురు మంచె మీద పరవాలి. ఒక్క వాన పడిందంటే మంచినీళ్లకు రంగు పోయి, జిగురూ కారిపోతుంది. టార్పాలిన్ పట్టా పక్కనే ఉండాలి.

రొయ్యల రైతు. మీకు కప్పాఫైకస్ ఊసే వద్దు. వనామీ చెరువులో నేరుగా నాచు వెయ్యడం కూడా నేను చెప్పను. ఏరేటర్ల సుడికి, బురద నీళ్లకు అది నిలవదు, రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. బయటికి వదిలే నీళ్ల చెరువు ఒకటి పక్కన ఉంటే, సెలైనిటీ 15 దాటి ఉంటే, అందులో గ్రాసిలేరియా వేసి చూడండి. నాచు అమ్ముడుపోయినా పోకపోయినా కాలవలోకి వెళ్లే నీళ్లు తేటపడతాయి, అది కూడా ఒక లాభమే.

పొలానికి నాచు ద్రావణం కొనే రైతు. పచ్చి కప్పాఫైకస్‌ను పిండితే వచ్చే రసంలో పొటాష్ ఎక్కువ, మొక్క పెరుగుదలకు సాయపడే సహజ హార్మోన్లు కొద్దిగా ఉంటాయి. పిండగా మిగిలిన పిప్పిలోంచి కారాజీనన్ తీస్తారు, ఒకే నాచుకు రెండు రాబడులు. ఇఫ్కో అమ్మే సాగరికలో ఎర్ర నాచుతో పాటు గోధుమ నాచు సారం కూడా ఉంటుంది. ఎరువుకు బదులుగా దీన్ని వాడొద్దు. యూరియా, డీఏపీ మానేసి ఇదొక్కటే కొడితే పైరు ఆకలికి మాడుతుంది. ఎండకో నీటి ఎద్దడికో పైరు బెదిరినప్పుడు, పూత దశలో, తోడుగా కొట్టేది ఇది. 2021 నుంచి ఇలాంటి బయోస్టిమ్యులెంట్లు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. డబ్బా మీద ఆ వివరం లేకుండా, "సముద్ర శక్తి" అని రంగుల బొమ్మ మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి.

వంటింటికి కొనేవాళ్లు. చైనా గ్రాస్ అంటే అగరే, గ్రాసిలేరియా లేదా జెలీడియం కోవ నాచుల నుంచి తీసింది. శాకాహారం. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చేది, పచ్చి అనాసపండు వేస్తే పేరదు. అగర్‌కు ఆ ఇబ్బంది లేదు. నీళ్లలో నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించి, ఆ తర్వాతే పాలలో కలపండి. నిమ్మరసం వేసేదుంటే పొయ్యి దించాక వెయ్యండి, పులుపుతో కలిపి మరిగిస్తే బిగువు పోతుంది. కారాజీనన్ ఇంటికి కొనే పని ఉండదు గానీ ఐస్‌క్రీమ్ డబ్బా మీద స్టెబిలైజర్ 407 అని ఉంటే అదే, 406 అంటే అగర్. చాక్లెట్ పాలల్లో కోకో పొడి అడుక్కి దిగకుండా పట్టి ఉంచేది కారాజీనన్, పాల ప్రొటీన్‌తో దానికి అంత బంధం. దీనివల్ల కేన్సర్ వస్తుందని తిరిగే సందేశాల మూలం వేరే పదార్థంలో ఉంది. గాఢ ఆమ్లంలో ఉడికించి ముక్కలు చేస్తే పోలిజీనన్ అనేది వస్తుంది, అనుమానం దాని మీద. అది తిండిలో వేసేది కాదు.

## డబ్బు పెట్టే ముందు ఒక్క తాడు

సాగు చేసేవాళ్లకు ఇంకొక్క మాట. యాభై తెప్పల ప్రాజెక్టు రిపోర్టు రాసే ముందు ఒక్క తాడు కట్టి చూడండి. మండపంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ అనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ, సీఎస్‌ఎంసీఆర్‌ఐకీ కేంద్రాలున్నాయి, విత్తనం గురించి అక్కడ అడగండి, మీ జిల్లా మత్స్యశాఖ అనుమతి తీసుకోండి. విత్తనాన్ని తడి గోనెలో, నీడలో, తొందరగా తీసుకురండి. తెచ్చాక ఇరవై ముక్కలు, ఒక్కొక్కటి 150 గ్రాములు తూచి, తాడుకు రంగు దారాలతో గుర్తు పెట్టి కట్టండి. పెరుగుదల బాగుంటే వారానికి ముక్క 190 గ్రాముల దగ్గర, రెండు వారాలకు 235, మూడు వారాలకు 300 అటూఇటూగా ఉండాలి, అప్పుడే 45 రోజులకు 650 చేరుతుంది. తూచిన ప్రతిసారీ పక్కనే ఆ రోజు నీటి వేడి, సెలైనిటీ రాసుకోండి. మూడో వారం తూకం రెండో వారం కన్నా తగ్గి, కొమ్మల మీద తెల్ల పట్టీలు కనపడితే ఆ చోటు కప్పాఫైకస్‌కు కాదు. అదే తాడుకు, అదే చోట, వచ్చే నెల గ్రాసిలేరియా కట్టి మళ్లీ తూచండి.